కత్తెర లేని మంగళవారం

(కడపలో ఒక కాలనీ సంఘం తల్లిదండ్రుల కోసం ఏర్పాటు చేసిన సభలో, ముప్పై ఏళ్ళకు పైగా సెలూన్ నడుపుతున్న ఒక పెద్దాయన చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. నా దగ్గరికి వచ్చేవాళ్ళు అద్దం వైపు చూస్తూ కూర్చుంటారు, నేను వాళ్ళ వెనక నిలబడతాను. ఇంతమంది నా ముఖం చూస్తూ కూర్చోవడం నాకు ఇదే మొదలు. పైగా మా దగ్గర మాట్లాడేది కుర్చీలో ఉన్నవారు, వినేది మేము. రాజకీయాలు, వానలు, అల్లుళ్ళ సంగతులు, అన్నీ విన్నాను. ఇవాళ వ్యవహారం తిరగబడింది. ఎక్కడైనా తడబడితే సర్దుకోండి.

సభ ఆదివారం పెట్టుకుందామని సంఘం వాళ్ళు అడిగారు. మంగళవారమైతే వస్తానన్నాను. ఎందుకో మీకు తెలుసు, మంగళవారం మా కొట్లకు సెలవు. ఈ మంగళవారం గురించి మళ్ళీ చెబుతాను. అసలు సంగతంతా దానిలోనే ఉంది.

ముందు ఒక ప్రశ్న. ఇక్కడ ఎంతమంది మీ పిల్లలతో, “అల్లరి చేశావంటే క్షవరం చేసే ఆయనను పిలుస్తా, చెవి కోసేస్తాడు” అన్నారు? చేతులు ఎత్తండి. ఎత్తండమ్మా, నేనేమీ అనుకోను. ఒకరు, ఇద్దరు, ముగ్గురు... ఆ వెనక తాతగారు రెండు చేతులూ ఎత్తారు. నిజం ఒప్పుకున్నారు, సంతోషం.

పిల్లలను భయపెట్టడానికి మన ఇళ్ళల్లో ముగ్గురిని వాడుకుంటారు. పోలీసు, సూది వేసే డాక్టరు, మూడోవాడిని నేను. పోలీసు దగ్గరికి బిడ్డను తీసుకుపోయే పని మీకు పడదు. డాక్టరు దగ్గరికి జ్వరం వస్తేనే పోతారు. నా దగ్గరికి మాత్రం నెలకో, రెండు నెలలకో తీసుకురావాలి. నెలంతా నన్ను బూచివాడిని చేసి, నెలాఖరున ఆ బూచివాడి కుర్చీలోనే కూర్చోబెట్టి, “ఏడవకు నాన్నా, ఏమీ చేయడు” అంటారు. బిడ్డ ఏ మాట నమ్మాలి? మా వృత్తి పేరును తిట్టుగా వాడకూడదని మన రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఇచ్చినందుకు సంతోషమే. కానీ మీ వంటింట్లో అన్నం తినిపిస్తూ అనే మాటకు ఏ ఉత్తర్వూ అడ్డం రాదు కదా. మీరే మానుకోవాలి.

ఇది చూడండి. మా నాయన వాడిన చేతి మిషను. కరెంటు లేదు, రెండు పిడులు, నొక్కుతూ వదులుతూ పోవాలి. ముందు వరుస నుంచి అలా అందించండి, అందరూ పట్టుకుని చూడండి. పళ్ళు మొద్దుబారిపోయాయి, చేయి తెగదు. ఈ తాతలందరికీ ఇది గుర్తుండే ఉంటుంది. మెడ మీద వెంట్రుకలు పట్టుకుని చురుక్కున లాగేది, అవునా? చేయి నొక్కడం పూర్తికాకముందే మిషను ముందుకు తోస్తే వెంట్రుక తెగదు, పళ్ళ మధ్య చిక్కుకుని పీకుతుంది. మా నాయన పనిముట్ల పొది చంకన పెట్టుకుని పల్లెలకు పోయి, వేపచెట్టు కింద పీట వేసి, ఒక పూటలో పదిహేను తలలు చేసేవాడు. పిల్లలు ఆయనను చూసి గడ్డివాముల్లో దూరేవాళ్ళు. నేను కూడా దూరాను. సొంత నాయనను చూసి!

వెంట్రుకలో ప్రాణం లేదు, తెగితే నొప్పి ఉండదు. నొప్పి అంతా కుదురులో, చర్మం లోపల ఉంటుంది. లాగితే తెలుస్తుంది, తెంపితే తెలియదు. ఇది మీకూ నాకూ తెలుసు. రెండేళ్ళ బిడ్డకు ఎలా తెలుస్తుంది? కత్తి తగిలితే వేలు తెగుతుందని మీరే నేర్పారు. ఇప్పుడు ఎవరో కత్తెర పట్టుకుని తల మీదికి వస్తున్నాడు. తన ఒంటి మీది ముక్కలు ఒళ్ళో పడుతున్నాయి. నల్లగా, కుప్పలుగా. ఏడవక ఏం చేస్తాడు చెప్పండి?

ఇంకొకటి. మీరందరూ రెండు చెవులూ వేళ్ళతో గట్టిగా మూసుకోండి. సిగ్గుపడకండి, మూసుకోండి. ఇప్పుడు నోరు తెరవకుండా “మ్‌మ్‌” అనండి. విన్నారా? తేనెపట్టు తల లోపలే ఉన్నట్టు లేదూ? కరెంటు మిషను చెవి వెనక ఎముకకు ఆనినప్పుడు బిడ్డకు వినిపించేది అలాంటిదే. పక్కన నిలబడ్డ మీకు చిన్న గుయ్యిమనే శబ్దం. వాడికి శబ్దం ఎముక గుండా లోపలికి పోతుంది. “ఇంత చిన్న మిషనుకు భయమా?” అని నవ్వుతారు. మీరు వినే మిషను వేరు, వాడు వినే మిషను వేరు.

పుట్టు వెంట్రుకల సంగతి ఎలాగూ అడుగుతారు. దేవుని కడపలో తీయిస్తారు, తిరుమలకు పోతారు, కదిరికి పోతారు, ఎవరి మొక్కు వారిది. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయించడం మనకు ఆచారం. మంచి ఆచారమే. కానీ ఆ మేనమామ ఉద్యోగం హైదరాబాదులోనో బెంగళూరులోనో. బిడ్డ ఆయనను చూసింది ఫోనులో. తెల్లవారుజామున నాలుగింటికి నిద్ర లేపి, పాలు సరిగ్గా పట్టక, చల్లని నీళ్ళు తల మీద పోసి, ముఖం తెలియని మామ ఒడిలో పెట్టి, చుట్టూ పాతికమంది ఫోన్లు ఎత్తి పట్టుకుంటే ఏ బిడ్డ ఊరుకుంటుంది? మామను ఒక రోజు ముందు రమ్మనండి. బిడ్డను ఎత్తుకుని నాలుగు వీధులు తిప్పమనండి. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలని అడగండి. ఏడాదిలోపు బిడ్డయితే మాడు ఇంకా పూడి ఉండదు. ఏడాదికో ఏడాదిన్నరకో పూడుతుంది, కొందరికి రెండేళ్ళు పట్టవచ్చు. అక్కడ చేయి తేలికగా పోవాలి. ఆ మాట గట్టిగా చెప్పండి, మొహమాటపడకండి. బ్లేడు మీ కళ్ళ ముందు కాగితం విప్పి వేయమనండి. ఒకరి రక్తం తగిలిన బ్లేడు ఇంకొకరికి తగిలితే హెపటైటిస్ బి లాంటివి అంటుకునే ప్రమాదం ఉంది. కొత్త బ్లేడు అడిగితే మాకు కోపం రాదు. వచ్చేవాడి దగ్గరికి పోకండి.

మన ఊరి ముస్లిం ఇళ్ళల్లో బిడ్డ పుట్టిన ఏడో రోజు తల తీయించి, ఆ వెంట్రుకల ఎత్తు వెండి దానం చేస్తారు. నేను చాలా ఇళ్ళకు వెళ్ళాను. అక్కడ నాకు ఒక పెద్దావిడ పని నేర్పింది. నేను పోగానే, “కూర్చో బాబూ, బిడ్డ ఇంకా పాలు తాగుతోంది” అంది. అరగంట కూర్చోబెట్టింది. టీ ఇచ్చింది. బిడ్డ కడుపు నిండి, తల్లి ఒడిలోనే నిద్రపోయాక, “ఇప్పుడు కానివ్వు” అంది. తల మొత్తం అయిపోయింది, బిడ్డ ఒక్కసారి మూతి ముడిచింది, అంతే. ఆ అరగంట వృథా అయిందని అప్పుడు లోపల విసుక్కున్నాను. కుర్రతనం.

ఆ కుర్రతనంలోనే చేసిన తప్పు ఒకటి చెప్పాలి. అది చెప్పకుండా మీకు బుద్ధులు చెప్పే హక్కు నాకు లేదు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. పండుగ ముందు ఆదివారం. బెంచీ మీద ఏడుగురు. కుర్చీ చేతుల మీద చెక్క వేసి నాలుగేళ్ళ బాబును కూర్చోబెట్టాం. వాళ్ళ నాన్న రెండు చేతులతో తల అదిమి పట్టుకున్నాడు, బాబాయి కాళ్ళు పట్టుకున్నాడు. బాబు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. బెంచీ మీద వాళ్ళు “కానివ్వు, కానివ్వు” అంటున్నారు. బాబు ఒక్కసారి తల విదిలించాడు. కత్తెర మొన కుడి చెవి పై అంచుకు తగిలింది. గోటి గీరంత గాయం. పటిక అద్దాను, రక్తం ఆగింది. నేను ఆ నాన్నను ఏమీ అనలేదు, ఆయన నన్ను ఏమీ అనలేదు. ఇద్దరం కలిసి ఆ బాబును తిట్టాం. “కదలకుండా ఉంటే ఇలా అయ్యేదా?” అని.

ఆ బాబు ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు. పెళ్ళయింది, ఉద్యోగం చేస్తున్నాడు. కత్తెర కుడి చెవి దగ్గరికి పోగానే అతని భుజం దానంతటదే పైకి లేస్తుంది. ఒకసారి అడిగాను, గుర్తుందా అని. ఏదీ గుర్తు లేదన్నాడు. భుజానికి మాత్రం గుర్తుంది.

అప్పటి నుంచి నేను గమనిస్తూ వచ్చింది ఏమిటంటే, పిల్లలు కత్తెరకు కొంచెం భయపడతారు, మిషనుకు ఇంకొంచెం భయపడతారు. పట్టుకుని అదమడానికి మాత్రం చచ్చేంత భయపడతారు. కత్తెర భయం రెండుసార్లు చూస్తే పోతుంది. అదిమిన భయం ప్రతిసారీ పెరుగుతుంది. పోయిన నెల ఇద్దరు పట్టుకుంటే సరిపోయింది, ఈ నెల ముగ్గురు కావాలి. మీ ఇళ్ళల్లో ఇలా జరుగుతోందా లేదా?

మరి ఎందుకు అదుముతాం? తొందర. ఆదివారం తొందర. మంగళవారం మాకు సెలవు, శుక్రవారం మీకు పనికిరాదు, శనివారం కొందరికి పనికిరాదు, అమావాస్య ఎవరికీ పనికిరాదు. ఇక మిగిలేది ఆదివారం, ఊరంతా అదే రోజు. పది నిమిషాల్లో ఒక తల దింపకపోతే బెంచీ మీద వాళ్ళు లేచి పక్క కొట్టుకు పోతారు. పిల్లవాడికి అరగంట కావాలి. నేను ఎక్కడి నుంచి తేను? బుధవారమో గురువారమో మధ్యాహ్నం తీసుకురండి. ఆ వేళ కొట్టులో నేనూ, ఫ్యానూ ఉంటాం. బడి ఉందంటారా, సాయంత్రం నాలుగున్నరకు రండి. జూన్‌లో బడులు తెరిచే ముందు రోజు మాత్రం దయచేసి తీసుకురాకండి. ఆ రోజు నా చేతులు నా మాట వినవు.

ఇప్పుడు మంగళవారం కథ.

కొన్నేళ్ళ కిందట ఒక అమ్మ వచ్చింది. మూడున్నరేళ్ళ బాబు. మాటలు తక్కువ. ఆటిజం ఉందని డాక్టర్లు చెప్పారట. అప్పటికి రెండు సెలూన్లలో ప్రయత్నించారు, రెండుచోట్లా గొడవే. ఇంట్లో నిద్రపోతుండగా వాళ్ళ నాన్న కత్తిరించబోతే మధ్యలో లేచాడు, ఆ తర్వాత వారం రోజులు పడుకోవడానికే భయపడ్డాడు. అందుకే చెబుతున్నాను, నిద్రలో కత్తిరించకండి. పక్కమీద కూడా నమ్మకం పోతుంది. ఆ అమ్మ అడిగింది, “జనం లేనప్పుడు ఎప్పుడైనా చేస్తారా?” అని. మంగళవారం షట్టర్ సగం తెరుస్తాను, రండి అన్నాను. పక్కన వాళ్ళ జేజి, అంటే నాయనమ్మ, ఉంది. “మంగళవారమా? మంగళవారం కత్తెర ముట్టించేది లేదు” అంది. ఎంత చెప్పినా వినలేదు. సరే జేజీ, కత్తెర ముట్టించను, ఊరికే రండి, కుర్చీ చూసి పోండి అన్నాను. ఏదో మాట వరసకు అన్నాను, అంతే. అదే మందు అవుతుందని నాకేం తెలుసు?

మొదటి మంగళవారం బాబు లోపలికి రాలేదు. గడప దగ్గరే కూర్చున్నాడు. నీళ్ళు చల్లే సీసా ఇచ్చాను. మెట్ల మీద ఉన్న చీమల మీద చల్లుతూ కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు. పోయారు. రెండో మంగళవారం లోపలికి వచ్చాడు. మిషను చేతికిచ్చాను, పళ్ళు తీసేసి. మీట నొక్కాడు, గుయ్యిమంది, ఉలిక్కిపడి ఆపేశాడు. మళ్ళీ నొక్కాడు. నలభైసార్లు వేసి ఆపి ఉంటాడు. మీట మీద బొటనవేలు వాడిది కాబట్టి ఆ శబ్దం కూడా వాడిదే అయింది. మూడో మంగళవారం గుడ్డ నేను కప్పుకుని కుర్చీలో కూర్చున్నాను. వాడు నా తల మీద నీళ్ళు చల్లాడు, దువ్వెనతో దువ్వాడు. నాకు దువ్వేంత జుట్టు లేదని మీరు చూస్తూనే ఉన్నారు, అయినా దువ్వాడు. నాలుగో వారం తనే ఎక్కి కూర్చున్నాడు.

ఈ నాలుగు వారాలూ ఆ తల్లి ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు బిడ్డతో ఒకటే మాట చెప్పింది. “ఇవాళ మంగళవారం. ఇవాళ కత్తెర లేదు.” అది నిజం. జేజి పుణ్యమా అని నూటికి నూరు పాళ్ళు నిజం. చాలామంది ఐస్‌క్రీముకు పోదామని చెప్పి నా దగ్గరికి తీసుకువస్తారు. ఆ పూటకు పని జరుగుతుంది, ఆ తర్వాత బిడ్డ నిజంగా ఐస్‌క్రీముకు తీసుకుపోయినా వీధి మలుపులోనే ఏడుపు మొదలుపెడతాడు. క్షవరమైతే గానీ వివరం తెలియదని సామెత ఉంది కదా, పిల్లల దగ్గర దాన్ని తిరగేయాలి. వివరం ముందు, క్షవరం తర్వాత.

ఆ తర్వాతి బుధవారం చేశాం. చేయి ఎత్తితే ఆపేస్తానని ముందే చెప్పాను. వెనక వైపు మొదలుపెట్టాను, కత్తెరతోనే, తలకూ కత్తెరకూ మధ్య నా వేళ్ళు పెట్టి. పది పన్నెండు కోతలు పడ్డాయో లేదో, చేయి ఎత్తాడు. ఆపేశాను. అక్కడ ఆపడం ఎంత కష్టమో మా వృత్తి వాళ్ళకు తెలుస్తుంది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అని చేయి గుంజుతుంది. ఆ ఒక్కటి వేశామా, నాలుగు మంగళవారాలూ గంగలో కలిసినట్టే. సగం క్రాపుతో ఇంటికి పోయాడు. ఎడమ వైపు పొట్టి, కుడి వైపు పొడుగు. జేజి, “నలుగురు నవ్వుతారు” అంది. నవ్వనివ్వు జేజీ, నా కొట్టు పేరు చెప్పు, నన్నే నవ్వుతారు అన్నాను. శుక్రవారం పనికిరాదు, శనివారం పనికిరాదు, ఆదివారం జనం. సోమవారం వచ్చాడు. మిగతా సగం అయింది.

ఆటిజం ఉన్న పిల్లలందరూ ఒకేలా ఉండరు. కొందరికి నాలుగు వారాలు చాలవు, కొందరికి మీ ఇంట్లోనే చేయాలి. డాక్టరు మాట కూడా వినండి. కానీ మామూలు పిల్లలకు కూడా ఆ నాలుగు మంగళవారాల్లో ఒక్కటి దొరికినా చాలు. వాళ్ళ నాన్న కటింగ్‌కు వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టినా చాలు. నాన్న చెవి నాన్నకే ఉందని చూసుకుంటాడు.

ఆలస్యమైతే ఏమవుతుంది? జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఈ నెల కుదరలేదంటే ఆ ఒక్క సెంటీమీటరే మీకు నష్టం. బడిలో అడిగితే ఒక చీటీ రాసివ్వండి.

చిన్న చిన్నవి కొన్ని. కడుపు నిండా తిని, నిద్ర తీరాక తీసుకురండి. బొత్తాలున్న పాత చొక్కా వేయండి. తల మీదుగా తీసే బనియన్లు వేస్తే వెంట్రుకలన్నీ ముఖం మీద రాలతాయి. ఇంకో చొక్కా సంచిలో పెట్టుకోండి. మెడలో పడ్డ వెంట్రుకల దురద పెద్దవాళ్ళకే చిరాకు. లాలీపాప్ ఇవ్వకండి, దానికి వెంట్రుకలు అంటుకుంటాయి, అవి నోట్లోకి పోతాయి, అప్పుడు కొత్త ఏడుపు. గుడ్డ మెడకు బిగించవద్దని మాకు చెప్పండి. ఒడిలో కూర్చోబెట్టుకుంటానంటే ఒప్పుకుంటాం, మీ చీర మీద వెంట్రుకలు పడితే మమ్మల్ని అనకండి. చెవుల దగ్గర పని చివరికి ఉంచమనండి. మిషను చాలాసేపు నడిస్తే పళ్ళు వేడెక్కుతాయి, ముందు తన మణికట్టుకు ఆనించి చూసుకునేవాడు మంచి పనివాడు.

ఫోను గురించి ఆ అక్క అడుగుతున్నారు. ఇవ్వండి, నేను కాదనను. కానీ ఒడిలో పెడితే తల వాలిపోతుంది. వాలిన తలకు మెడ దగ్గర గీత సమానంగా రాదు, ఇంటికి పోయాక వంకర అంటారు. అద్దం పక్కన, కళ్ళ ఎత్తులో మీరు పట్టుకుని నిలబడండి. మీ చేయి నొప్పి పుడుతుంది, అది మీ వాటా.

గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందా అని ఎవరో అన్నారు. రాదమ్మా. కుదుళ్ళు చర్మం కింద ఉంటాయి, పైన గీస్తే వాటికి ఏమీ తెలియదు. తెగిన కొన మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా, లావుగా తగులుతుంది. ఇలా చెబితే మాకే గిరాకీ తగ్గుతుంది, అయినా చెబుతున్నాను.

పేలు ఉంటే? పేల దువ్వెన, మందు, ఇంట్లో పేలు ఉన్నవారందరికీ ఒకేసారి. గుండు అక్కర్లేదు. ఆడపిల్లకు అసలే అక్కర్లేదు, దాని ఏడుపు పేల కంటే ఎక్కువ కాలం ఉంటుంది. తలలో గుండ్రంగా జుట్టు ఊడి పొలుసులు కనిపిస్తే తామర కావచ్చు. పై పూతలతో సరిపోదు, డాక్టరుకు చూపించండి. అలాంటి తల మీద వాడిన దువ్వెన ఇంకో తలకు వాడకూడదు.

ఇంకేమైనా ఉందా? ఇక్కడ ఒక జేజి చేయి ఎత్తారు. ఏమిటి? మంగళవారం కుర్చీలో కూర్చుంటే దోషం ఉందా అంటున్నారు. కూర్చోవడానికి దోషం లేదు జేజీ, నేను ఇవాళ పొద్దున కాఫీ తాగింది ఆ కుర్చీలోనే. రండి, పిల్లలను తీసుకురండి. వచ్చే మంగళవారం నాలుగింటికి షట్టర్ సగం తెరిచి ఉంచుతాను. కత్తెరలు సొరుగులో పెట్టి తాళం వేస్తాను, కావాలంటే తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి.

మా నాయన మిషను ఎవరి దగ్గర ఉంది? మూడో వరుసలో ఆ పాప దగ్గరా? ఏం చేస్తోంది, బొమ్మకు క్రాపు చేస్తోందా? ఉండనివ్వండి, లాక్కోవద్దు. అయ్యాక ఇస్తుంది. నేను ఇక్కడే కూర్చుంటాను.